నాలుగు వేళ్ళు

ఫ్లెక్సు మీద తొమ్మిది మంది ఉండాలె.
మున్షీ వచ్చి చెవిల చెప్పిండు: ఎనిమిది చాలు.

మల్లంగుర్తి పెద్ద రాజావారి నూరేళ్ళ పండుగ.
హన్మకొండ చౌరస్తాల పన్నెండు ఫీట్ల బొమ్మ.
సింహం, కత్తి, కిరీటం నేనే నెట్ల నుంచి తెచ్చి పెట్టిన,
వాళ్ళకు కిరీటం ఉండెనో లేదో ఎవ్వలు చెప్పలే.
కుడి పక్క చివర నిలబడ్డ చిన్నాయనను తీసెయ్యాలె.

తీసెయ్యుడు ఎంత సేపు.
మౌసుతోని చుట్టూ గీత గీసి
ఒక్క బటన్.
పదేండ్ల కింద గడిల గూడ గంతే సేపట్ల అయిందేమో.

కాని అన్న భుజం మీద చెయ్యి ఏసి దిగిండు తమ్ముడు.
చెయ్యి తీస్తే భుజం పోతది,
భుజం ఉంచితే నాలుగు వేళ్ళు మిగుల్తయి.
పట్టు శాలువా రంగు పూసిన,
జరీ అంచు జరిపిన,
వేళ్ళు ఇంకింత తెల్లగ తేలినయి.
రాత్రి పదకొండయింది, కరెంటు పోయేటట్లున్నది.
అట్లనే ప్రింటు కొట్టిన.

తెల్లారి చౌరస్తాల మొదలయింది.

మంగలి సారంగపాణి కత్తి ఆపి అన్నడు:
"నెత్తురు నీళ్ళయితదా? రేపు ఇద్దరొకటైతరు,
మనమే పాగల్ గాళ్ళం."
ఇడ్లీ బండి కొమురమ్మ చట్నీ పోసుకుంట:
"కన్నతల్లి పీనుగు లేస్తుంటె రాలే. వానిది ఏం రాచపుటుక?"
"రానిస్తేగద వచ్చేది! గేటుకు తాళం నేను చూసిన"
అన్నడు ఆటో యాకూబ్.
చూసిన మాట నిజమో, మాట కోసం మాటనో.
ఒకలు భూమి అన్నరు, చెరువు కింద పన్నెండెకరాలు
దున్నేటోళ్ళకే రాసిచ్చిండట.
ఒకలు పిల్ల అన్నరు, నర్సంపేట నర్సు.
ఒకలు ఏం లేదు, పొద్దుగాల చాయ కాడ లొల్లి అన్నరు.
"ముక్కు చూడుండ్రి, గడి ముక్కు, యాడికి పోతది"
అని పాన్ డబ్బా కాడ తీర్పు అయినంక

జహంగీర్ సారు ఉర్దూ పేపర్ మడిచి మెల్లగ అన్నడు:
"ఏ ముక్కు మియా?
వీళ్ళ ముత్తాతనే దత్తత.
పరకాల దిక్కు నుంచి తెచ్చిన పసిపోరడు,
వచ్చినప్పుడు కాళ్ళకు గజ్జి ఉండెనట."

చౌరస్తా కొద్దిసేపు గమ్మున ఉన్నది.
తర్వాత వంశం ముచ్చట ఇడిసిపెట్టి
వేళ్ళ మీద పడ్డరు.
"పెద్దాయన భుజం మీద గా చెయ్యి ఎవలిది?"
రాణమ్మ ఆత్మ అన్నది కొమురమ్మ.
డిజైన్ తప్పు అన్నడు సారంగపాణి, నా దిక్కు చూసి.

నన్నెవ్వలు అడుగలే గాని
మా తాత ఆ గడి పల్లకి మోసిండు.
కుడి భుజం మీద కోడిగుడ్డంత కాయ,
గోళీ దాని మీద నిలబడుతదా అని చిన్నప్పుడు చూసెటోన్ని.
మా తాతకు తండ్రి ఎవలో నాకు ఎరుకలేదు.
వాళ్ళకు ఇరువై ఏడు తరాల పట్టిక ఉన్నది,
మొన్న నేనే టైపు కొట్టిన,
ఇద్దరి పేర్లల్ల వత్తులు తప్పు పోయినయి,
ఎవ్వలు గుర్తు పట్టలే.

మూడో రోజు మాపటీలి
పాత టీవీఎస్ బండి ఆగింది.
చేతుల నిండ గ్రీసు, వార్నీషు వాసన.
మడికొండల మోటార్ల షాపు, మూడు బై రెండు బోర్డు.
నేను ముక్కు చూడలే. వేళ్ళు చూసిన.

"పేరు ఏం పెట్టాలె?"
"మోటార్ వైండింగ్."
"అది సరే, పేరు?"
"గంతే రాయి. మోటారు కాలినోడు పేరు చదువడు."

ఫీటుకు రెండు రూపాయలు తగ్గియ్యమన్నడు.
రాజులు బేరమాడరంటరు.
ఆడిండు, మంచిగనే ఆడిండు, నేను ఓడిపోయిన.
పోయేటప్పుడు గోడకు ఆనిచ్చిన ట్రయల్ ప్రింటు చూసిండు,
అన్న శాలువా, దాని మీద ఆ నాలుగు.
సొంత చెయ్యి ప్యాంటుకు తుడుసుకున్నడు,
గ్రీసుకో, దేనికో.

నలుబై రూపాయలు బాకి పెట్టి పోయిండు.
పొద్దుగాల చౌరస్తా అంత నా షాపుల్నే ఉన్నది:
ఏమన్నడు? ఏడ్చిండా? అన్నను తిట్టిండా?

లెక్కల బుక్కు తీసిన.
పేరు రాసే కాడ పెన్ను ఆగింది.
ఆఖరికి రాసిన:
వైండింగ్, 40.