ఎడం బిళ్ళ

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పది.
పొద్దున ఏడింటికే రేకు షెడ్డు
రొట్టెల పెనం లెక్క కాగుతున్నది.
హుమైద్ తెచ్చిన డాట్సన్‌ను
జాకీల మీద కూసోబెట్టిన.
నలభై అయిదేండ్ల బండి,
ఎండిన నిమ్మతొక్క రంగు.
వెనక సీటుల నాలుగు కొత్త చక్రాలు
దుప్పట్ల చుట్టుకొని పండుకున్నయి.

పాతవి పదమూడు అంగుళాలవి, ఉట్టి ఇనుము,
గంజి గిన్నె మూతల్లాంటి టోపీలు.
కొత్తవి పదిహేను. జపాన్ సరుకట.
హుమైద్ లోతంచు తుడుస్తుంటే
వాని మొఖం అండ్ల అడ్డంగ సాగి నవ్వింది.
"చక్రం బయటికి రావాలె భాయ్,
మడ్‌గార్డుతోటి సమానంగ."
లోపలికి గుంజుకపోతే
పళ్లు లేని దవడ లెక్కుంటది బండి,
నిజమే.

అందుకే గీ బిళ్ళలు.
స్పేసర్ అంటరు అందరు,
నేనయితే ఎడం బిళ్ళ అంట.
వేలెడు మందం అల్యూమినియం,
హబ్బుకు చక్రానికి నడుమ కూసుంటది.
తిరుగుతది గని తనకోసం కాదు.
ఆనుకొని ఉండాల్సినదాన్ని
ఇంత దూరంల నిలబెట్టుడే
దాని కొలువు.

నట్టు పెట్టి వేళ్లతోటి తిప్పిన.
ఒకటి, రెండు, మూడు,
మూడున్నర.
అంతే.
స్టడ్డు పొడుగంత బిళ్ళనే మింగింది.
పైకి చూస్తె నట్టు మెరుస్తున్నది,
లోపట మూడున్నర చుట్ల మీద
ఒక మనిషి పాణం.

గుల్జరీన్ ఉస్తాద్ చాయ్ గ్లాసు దించకుండనే
"బిగించి పంపు, రేపు శుక్రవారం" అన్నడు.
నేను గన్ను కింద పెట్టిన.
కోరుట్ల సైకిల్ షాపుల పన్నెండేండ్లకే
పుల్లలు మీటి
చక్రం వంకర విన్నోన్ని.
చెవి ఒప్పుకోనిది చెయ్యి చెయ్యది.
"పొడుగు స్టడ్లు కావాలె. రేపు రా."

హుమైద్ ఫోన్ల టైం చూసిండు.
దోస్తులు ఖోర్‌ఫక్కాన్ రోడ్డు మీద కాస్తున్నరట.
"ఒక్క రాత్రే కద భాయ్?"
నేను ఏమనలే. నట్టు వాని అరచేతిల పెట్టి
"నువ్వే తిప్పు" అన్న.
వాడు గూడ లెక్కవెట్టిండు, అరబ్బీల.
మూడున్నర కాడ ఆగి
శానసేపు నా దిక్కు చూడలే.

పాత సామాన్ల గల్లీలు ఆరు తిరిగితే
పదహారు స్టడ్లు దొరికినయి.
పాతవి సుత్తెతోటి ఒక్కొక్కటే ఊడగొట్టిన,
ముసలి పళ్లు, వేరుతోటి వచ్చినయి.

ఇగ మడ్‌గార్డు అంచు టైరును గీకుతున్నది.
వేడి పట్టి, కట్టెమొద్దుతోటి
లోపలి పెదవి మడుస్తుంటే
రాలింది:
గడ్డకట్టిన ఉప్పు మన్ను,
గోరంత గవ్వ,
అభ్రకం లెక్క ఒక్క చేప పొలుసు.

"ఖల్ఫాన్ మామది" అన్నడు హుమైద్, సప్పుడు లేకుంట.
కల్బా రేవు నుంచి గీ డిక్కీలనే
చేపలు తెచ్చెటోడట,
మంచుగడ్డ కరిగి
దారి పొడుగూత నీళ్లు కారుకుంట.
వాడు పొలుసును ఫోన్ కవర్ల పెట్టుకున్నడు.
దోస్తులకు ఫోన్ చేసి
రానన్నడు.

నాలుగు నట్లను వరసగ బిగించొద్దు.
ఒకటి, దాని ఎదురుది,
పక్కది, దాని ఎదురుది,
పగోళ్లను ఒక్క పంక్తిల కూసోబెట్టినట్టు
కొంచెం కొంచెం.
తొమ్మిది చుట్లు పట్టినంక
టార్క్ పాన టక్కుమన్నది.
వానికి ఒక్కటే చెప్పిన:
"నూరు కిలోమీటర్లయినంక మళ్ల రా.
కొత్తగ కూసున్నది ఏదైనా
జరంత సర్దుకుంటది."

ఐతారం నాడు వచ్చిండు.
మూడు చక్రాలు కదలలే.
నాలుగోదాంట్ల ఒక నట్టు
పావు చుట్టు పట్టింది.
అంతే, పావు.
పాన తుడుచుకుంట వంగి చూస్తె
డిక్కీ కింద సిమెంటు మీద
సుక్క, సుక్క,
సల్లటి నీళ్లు.