ఇంటిపేరు, కామా

నవంబరు. టార్టులో మూడున్నరకే దీపాలు.
గ్రంథాలయం రెండో అంతస్తులో
వేడి గొట్టం మీద తడి మేజోళ్లు ఆరేసుకుని
ఐదుగురు కూర్చున్నారు,
జీతం లేని కొలువుకి.

నా పేరు మారిక. ఊబినేలల గురించి
నూటపాతికేళ్లుగా ఎవరెవరు ఏమేం రాశారో
ఆ జాబితాకి కాపలాదారుని.
మీరు చేయబోయేది చిన్న పని, అన్నాను.
ముందు ఇంటిపేరు, తర్వాత కామా,
తర్వాత పొడి అక్షరం, చుక్క.
ఆ చుక్క మరిచిపోతే
ఒక మనిషి ఇద్దరవుతారు.
ఇద్దరిని తొందరపడి కలిపేస్తే
ఒకరు పూర్తిగా లేకుండా పోతారు.
చెరపడం ఒక్క నొక్కు.
తిరిగి తేవడానికి నాకోసారి చలికాలమంతా పట్టింది.

రైవో నవ్వాడు. పీట్ మట్టి మోసే చిన్న రైలుని
ముప్ఫై ఏళ్లు నడిపిన మనిషి.
"తప్పులో కాలేస్తే మాకు మోకాలిదాకా దిగబడేది.
మీకేం, కుర్చీలో కూర్చునే వేస్తారు."
ఆయనకి జర్మన్ పత్రికలు అప్పగించాను.

లేలోకి పంతొమ్మిదేళ్లు.
ప్రపంచంలోని అచ్చుతప్పులన్నీ
ఈ రాత్రికే దిద్దేయాలన్నంత ఆత్రం.
మొదటి నెల నువ్వేం మార్చినా
నేను చూశాకే అందరికీ కనిపిస్తుంది అంటే
మొహం ముడుచుకుంది.
నా మొదటి నెలలో నేనూ ముడుచుకున్నాను.
ఆ సంగతి చెప్పలేదు.

మరో ఇద్దరు అన్నదమ్ములు.
ఇద్దరికీ కలిపి ఒకే కంప్యూటరు చాలన్నారు,
పదో నిమిషానికల్లా
కామా గురించి పోట్లాడుకున్నారు.

చివరి కుర్చీలో ఉర్వె. డెబ్భై ఆరేళ్లు.
తెర మీద వేలు ఆనించి అడిగింది,
"ఈ రెబానె, హెచ్. ఎవరు?
ఈ కూసిక్, హెచ్. ఎవరు?"
ఒకరు అరవై ఎనిమిదిలో ఆగిపోయారు,
ఇంకొకరు అరవై తొమ్మిదిలో మొదలయ్యారు.
వేరువేరు మనుషులు, అన్నాను.
"ఒక్కరే. హెల్వీ. పెళ్లయింది, అంతే.
ఆవిడ గాజు గొట్టాలు నేనే కడిగేదాన్ని."

నాలుగో నియమం చదివి వినిపించాను.
మీకు తెలిసింది ఆధారం కాదు.
ఎంత మెత్తగా చదివినా
ఆ వాక్యానికి పళ్లున్నాయి.
సరే, అంది.
ఇంకా ఆరని మేజోళ్లే తొడుక్కుని వెళ్లిపోయింది.
ఇక రాదనుకున్నాను.

మరుసటి గురువారం మంచు దులుపుకుంటూ వచ్చింది.
రొట్టె చుట్టే కాగితంలోంచి
పల్చటి వ్యాసం ప్రతి ఒకటి తీసింది.
కూసిక్ అని పేరు. మొదటి పేజీ అడుగున
చీమ తలకాయంత అక్షరాల్లో
రచయిత్రి మునుపటి పేరు రెబానె, అని.
ఆ పక్క వాక్యంలోనే
పదకొండు వేల నాలుగు వందల పుప్పొడి రేణువులు
లెక్కపెట్టిన ఉర్వెకి కృతజ్ఞతలు, అని.

అచ్చులో ఉంది. కలిపేయండి, అన్నాను.
ఆమె నొక్కింది.
తొమ్మిదీ పద్నాలుగూ ఇరవై మూడు వ్యాసాలు
చప్పుడు లేకుండా ఒక్క పేరు కిందికి జరిగాయి.

లెక్కపెట్టినవాళ్లకి మా పట్టికలో గడి లేదు.
రాసినవాళ్లకి ఉంది, అనువదించినవాళ్లకి ఉంది,
బొమ్మలు గీసినవాళ్లకి ఈ మధ్యే తెరిచాం.
మాలో మాకే కనిపించే గమనిక ఒకటుంది,
అక్కడ రాయనా, అని అడిగాను.
గొంతు ఎందుకో సరిగ్గా రాలేదు.

ఉర్వె కళ్లద్దాలు పైకి తోసుకుంది.
"అది తర్వాత. ముందు ఇది చూడు.
చివరి పేజీ నూట పద్దెనిమిది అని ఎక్కించారు.
నూట పదమూడు.
మూడు పక్కన సిరా మరక ఉంది,
ఎవరికో ఎనిమిదిలా కనిపించింది."

ఎవరికో.
ఆ నమోదు చివర, పదేళ్లనాటి తేదీ పక్కన
నా పొడి అక్షరం.
చుక్కతో సహా.