ఒక్క వేలి విల్లు

మే నెలాఖరుకి వేట మూసేశాం.
లాబ్‌స్టర్ బోనులన్నీ పెరట్లో గుట్టగా పడున్నాయి,
ఇంకా సముద్రం కంపు కొడుతూ.
జూన్ మొదటి శనివారం. పొగమంచు.
నోవా స్కోషియాలో మా గట్టు
గట్టుకే కనపడనంత పొగమంచు.

చెల్లెలు డార్లా పిల్లల్ని దింపేసి
హాలిఫాక్స్ వెళ్ళింది, పన్ను పీకించుకోవడానికి.
ముగ్గురు పిల్లలు, ఒక అట్టపెట్టె.
"వెండెల్ మామయ్యా, నువ్వు పరీక్ష చెయ్యాలి" అంది ఇనెస్,
అదేదో పడవ ఇంజనైనట్టు.

పెట్టెలో రెండు విళ్ళు, ఒక ఉండేలు,
తొమ్మిది బాణాలు. అన్నీ ఫోమే.
పట్టుకుంటే రొట్టె పట్టుకున్నట్టుంది.
నొక్కితే నొక్కుకుపోయి
మెల్లగా లేస్తోంది,
తిట్లు తిన్న కుక్కలాగా.

మా నాన్న చేసిచ్చిన పంగలకర్ర వేరు.
మేపుల్ కొమ్మ, సైకిల్ ట్యూబు, గులకరాయి.
దాంతో పాస్టరు గారి కారద్దం పగలగొట్టి
ఆ వేసవంతా ఆయన పెరట్లో గడ్డి కోశాను.
ఈ సంగతి పిల్లలకి చెప్పలేదు.
అయినా కోల్బీ అడిగాడు,
"దీంతో అద్దం పగులుతుందా?"
"పగలదు."
వాడి మొహం ఎంత చిన్నబోయిందో!

కోల్బీ మొదటి బాణం వాడి బూటు మీదే పడింది.
రెండోది ఈల వేసుకుంటూ పోయి
వంటింటి కిటికీకి తగిలి జారిపోయింది.
అప్పుడు ఆడ్రా, నాలుగేళ్ళది, ముందుకొచ్చి
బాణం మొనకున్న రబ్బరు గిన్నెని
సుబ్బరంగా నాకి ఇచ్చింది.
టప్! అతుక్కుంది.
ఎవరు నేర్పారో తెలీదు.
ఆపైన ప్రతి బాణమూ దాని నాలిక దాటాకే విల్లెక్కింది.

ఉండేలు మాత్రం ఇనెస్ ఎవరికీ ఇవ్వలేదు.
ఒక కన్ను మూసి, నాలిక కొరుక్కుని,
నా టోపీని మూడుసార్లు పడగొట్టింది.
మూడోసారి టోపీ కింద నేనున్నాను.

"ఇప్పుడు నువ్వు."

షెడ్డులో నా జింకల విల్లు
మేకుకి వేలాడుతూనే ఉంది, అల్లెతాడు వదులై.
పదకొండేళ్ళ కిందట తాడు చుట్టుకుని
బోనుతో పాటు నా కుడిచేతి చూపుడువేలూ
దాని పక్కదీ నీళ్ళలోకి వెళ్ళాయి.
అల్లెతాడు లాగేవి ఆ రెండే.
పిల్లలకి నా చెయ్యి అలాగే తెలుసు,
అందుకే అడగడానికి జంకలేదు.
జంకింది నేను.

"తాడు పట్టుకోనక్కర్లేదు, మామయ్యా" అంది ఇనెస్.
"బాణం తోకకి ఉంగరముంది చూడు. వేలు దూర్చెయ్."
దూర్చాను.
వలల పనిలో ప్రమాదమని
పెళ్ళైన మర్నాడే ఉంగరం తీసేసిన వేలు అది.
ఎప్పుడూ దేనికీ పనికి రాదనుకున్నాను.
లాగాను. ఫోమ్ విల్లు వంగింది,
మరీ ఎక్కువ వంగింది, నవ్వొచ్చేంత.
వేలు చాచాను.

పోయింది.
పొగమంచులో ఈల వినిపించింది.
తర్వాత అదీ లేదు.
ఎంతదూరం పోయిందో చూడలేకపోవడం
ఇంత బావుంటుందని నాకు తెలీదు.

కాసేపటికి మంచులోంచి వెర్నా జ్వికర్ వచ్చింది,
డెబ్బై తొమ్మిదేళ్ళ మా పొరుగామె,
చేతిలో గులాబీరంగు బాణం.
"ఇది నా దుప్పట్ల మీద పడింది" అంది.
ముగ్గురూ నా వెనక నక్కారు.
ఆమె బాణాన్ని అటూ ఇటూ తిప్పి చూసి
"ఎలా వెయ్యాలి?" అంది.
ఆడ్రా గబగబా వెళ్ళి నాకి ఇచ్చింది.

సాయంత్రానికి లెక్కపెడితే ఎనిమిదే.
ఆకుపచ్చది కనపడలేదు.
టార్చిలైట్ వేసి వెతికాం,
చిమ్నీ మీదా, కట్టెల సందుల్లోనూ.
కోల్బీ కారెక్కేటప్పుడు కూడా వెనక్కి చూస్తున్నాడు.

నవంబరు చివర బోనులు పడవకెక్కిస్తుంటే
కిందివరసలో ఒకదాన్లో ఉంది.
ఎరే లేదు, ఎలా దూరిందో!
ఎండకి కాస్త వెలిసి, తోక తెగి.
కుర్రాడు క్లైడ్ పారెయ్యబోతే లాక్కున్నాను.
అటు తిరిగి, ఎవరూ చూడకుండా నాకి,
వీల్‌హౌస్ అద్దానికి అంటించాను.
ఉప్పగా ఉంది.
లంగరేసే దాకా ఊడలేదు.