వెనక బండి

గుంపుగా వెళ్ళినప్పుడు నాది ఆఖరి బండి.
పన్నెండేళ్ళుగా అదే నా పని:
ముందు వెళ్ళే ఎర్ర దీపాలు లెక్కపెట్టుకోవడం,
ఎవరి చైను జారినా, ఎవరికి కడుపులో తిప్పినా
ఆగడం.
ఆదివారం తెల్లారగట్ల అయిదింటికి
తెన్నేటి పార్కు దగ్గర బయల్దేరితే
భీమిలి గంటస్తంభం కింద నేను కాలు ఆనించేదాకా
ఎవరూ టీ తాగరు.

ఒంటరిగా వెళ్ళేవాడికి వెనక బండి ఉండదు.
ఈ ముక్క సన్నీకి చెప్పలేదు నేను.
"నాల్రోజులు, కోరాపుట్ దాకా, అంతే గురూ" అన్నాడు
కంచరపాలెం మెట్టు దగ్గర, పంక్చర్ షాపు ముందు,
ఒక కాలు బండి మీద, ఒక కాలు నేల మీద.
గాలి చూశాను, బ్రేకు చూశాను,
స్పేరు క్లచ్చి వైరు పాతదాని పక్కనే టేపు చుట్టి కట్టాను.
అన్నీ చూశాననుకున్నాను.

సాలూరు దాటాక ఘాటు.
లారీ లేదు. ఆవు లేదు. వాన కూడా లేదు.
రాసుకోవడానికి కారణం దొరక్క పోలీసాయన
పెన్ను మూత పెట్టాడు, తీశాడు, పెట్టాడు.
పేరు మాత్రం పూర్తిగా రాశాడు:
గనగళ్ళ సన్యాసిరావు, వయసు ముప్ఫై నాలుగు.
ఎవరీ మనిషి అనుకున్నాం, క్షణం సేపు.
ఆ క్షణం ఎంత హాయిగా ఉందో
మాలో మేము కూడా చెప్పుకోలేదు.

జాలారిపేటలో వాళ్ళక్క నూకరత్నం
మమ్మల్ని చూసి ఏడవలేదు.
ఇరవై ముగ్గురం, చెప్పులు విడిచినట్టు
హెల్మెట్లు గుమ్మం బయట వరసగా పెట్టి నిలబడ్డాం.
చేపల గంప మీద గోనె తడుపుతూ అడిగింది:
"ఇంతమందున్నారు గదా.
ఒక్కడికీ కాళీ నేకపోనాదేటి?"
వీధిలో ఒక పిల్లాడు నా హెల్మెట్ తలకెత్తుకుని
బుర్రుమంటూ చివరిదాకా పరిగెత్తాడు.
ఎవరూ ఆపలేదు.

బండిని వ్యానులో తెచ్చాం.
హ్యాండిలు వంగింది, ట్యాంకు ఎడమ డొక్క లోపలికి పోయింది.
క్లచ్చి వైరు నేను కట్టిన చోటే, వాడకుండా, కొత్తగా.
మస్తాన్ బ్యాటరీ తగిలించి తాళం తిప్పాడు.
ఇంజను పలకలేదు.
ఎడమ ఇండికేటరు
వెలిగింది, ఆరింది, వెలిగింది.
షెడ్డులో స్పానర్లు ఆగిపోయాయి.
ఆగబోయాడన్నమాట వాడు.

తర్వాతి వారం ఒక్కణ్ణే వెళ్ళి చూశాను.
ఆ మలుపులో ఎడమ పక్క దారేమీ లేదు.
కొంచెం జాగా, ఒక పిట్టగోడ,
గోడ మీద ఎవరో తిని పారేసిన సీతాఫలం తొక్కలు,
కిందెక్కడో వలిసెపూల పసుపు.
ఫొటో తీద్దామనుకున్నాడో, నడుం పట్టేసిందో,
ఒంటికి వెళ్దామనుకున్నాడో.
నాకెందుకో ఆ మూడోదే నిజమనిపించి
గోడ మీద కూర్చుని నవ్వాను.
చాలాసేపు ఆగలేదది,
నవ్వు కాకుండా పోయాక కూడా.

నిన్న ఆదివారం మళ్ళీ బయల్దేరాం.
దండలు వద్దన్నాం, హారన్లు వద్దన్నాం.
రుషికొండ దగ్గర లెక్కపెట్టాను: ఇరవై రెండు.
మళ్ళీ పెట్టాను.
లెక్క తప్పలేదు. తప్పితే బావుణ్ణు.

మంగమారిపేట దాటుతుంటే
ఒక ఆటో నా పక్కకొచ్చి తల బయటపెట్టాడు.
"బావొ, ఇండికేటరెలుగుతంది, సూసుకో!"
చూసుకున్నాను.
ఎడమది. ఎప్పుడు నొక్కానో తెలీదు.
"ఆగుతావేటి?"
అవుననో కాదనో తల ఊపాను.
ముందు ఎర్ర దీపాలు ఒక్కొక్కటే మలుపు తిరుగుతున్నాయి.
నేను చేరేదాకా టీ తాగరు వాళ్ళు, తెలుసు.
అయినా
ఇంకాసేపు దాన్నలా కొట్టుకోనిచ్చాను.