ముప్పై ఒకటింబావు

మా గ్రౌండు చుట్టుకొలత మూడువందల ఇరవై మీటర్లు.
నాలుగువందలు ఉండాలె.
తక్కువపడ్డ ఎనభై
వానకు కూలిన ప్రహరీ అవతల
రామనర్సయ్య కందిచేనులో ఉన్నాయి.
టేపు పట్టి కొలిచిన రోజు గట్టు మీద కూచుని
"ఉరుకుటానికి గూడ పట్టా కావాల్నా సారూ?" అన్నడు.

పదివేల మీటర్లంటే వేరేచోట ఇరవై ఐదు రౌండ్లు.
మా నల్లగొండ యూనివర్సిటీలో ముప్పై ఒకటింబావు.
ఆ పావు ముగిసేచోట,
బాలికల హాస్టల్ నీళ్లట్యాంకు ఎదురుగా,
నా చెప్పు ఒకటి తిరగేసి పెట్టేవాణ్ణి.

కేతావత్ రుక్మిణి, ఎమ్మెస్సీ బాటనీ,
దేవరకొండ అవతలి తండా.
లతీఫ్ సాబ్ గుట్ట మీద దీపం ఇంకా ఆరకముందే
నా చెప్పు చుట్టూ ఆమె తెల్లవారేది.

నా ఉద్యోగం పేరు ఫిజికల్ డైరెక్టర్.
చేసేది చాలావరకు చేతిరాత.
'పై విద్యార్థినిని ఆన్ డ్యూటీగా భావించి
హాజరు ఇవ్వవలసిందిగా...'
బాటనీ హెడ్డు కళ్లద్దాలు తీసి అడుగుతాడు,
"ఉరుకుడు డ్యూటీ ఎట్లయితదయ్యా?"
అకౌంట్స్ లింగస్వామి అరటిపండ్లకు రసీదు అడుగుతాడు.
బండి మీది ముసలమ్మ రసీదు మాటకు నవ్వి
ఒక పండు ఎక్కువ వేసింది.
బిల్లులో అదీ రాశాను:
కొసరు, ఒకటి.

సౌత్ జోన్ పోటీలకు జనరల్ బోగీలో పోయినం.
సైదులు హ్యామర్‌ను తువ్వాలలో చుట్టి
పసిపిల్లను పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకున్నడు.
టీసీ ఏందిదంటే
"ఇనుపగుండు సార్, మా యూనివర్సిటీది."
వాడు 'మా' అనడం నేను వినలేదు అంతకుముందు.

రుక్మిణి పరుగు మొదలైనప్పుడు
నేను ట్రాక్ దగ్గర లేను.
సైదులు ఫారం మీద రిజిస్ట్రార్ ముద్ర
సగం ఫొటో మీద పడలేదని
కౌంటర్ ముందు బతిమాలుతున్నాను.
గంట మోగింది. విన్నాను.
వచ్చేసరికి బోర్డు మీద ఆరో స్థానం.
ఆమె ఇంకా ఉరుకుతూనే ఉంది,
వెనక జెండా పట్టుకున్నాయన అరుపులు,
గ్యాలరీలో ఈలలు, నవ్వులు.
భుజం పట్టి ఆపితే
ఎగపోత కూడా లేదు మనిషికి.
"ఇంక ఆరున్నయ్ గద సార్.
ఆఖరి మూడింట్ల గుంజుదామని
దమ్ము దాసిపెట్టుకున్న."

మరి గంట?

"ఎవలికో అనుకున్న."

తిరుగు రైల్లో తువ్వాల విప్పి
సైదులు ఇనుపగుండును రెండుసార్లు తుడిచాడు,
అది శుభ్రంగానే ఉన్నా.
నేను కిటికీ దగ్గర.
ఎనిమిది నెలల్లో ఇరవై ఐదు అనే మాట
ఒక్కసారీ నా నోట రాలేదు.
రసీదులు, హాజరు, ముద్రలు,
పైసాతో సహా లెక్క తేల్చినవాణ్ణి.
దాచుకున్న ఆ దమ్ము
ఏ పద్దు కింద రాయాలి?

కంది కోసినంక రామనర్సయ్యే ఫోన్ చేసిండు.
"చేను ఖాళీనే, వానలు పడేదాంక.
మోళ్లు మీరే పీక్కోవాలె."
ఆదివారం అంతా పీకినం.
కోసిన కందిమోడు బాకు లెక్క ఉంటది,
సైదులు అరచేయి కోసుకుపోయింది.
సున్నం బస్తా, కొబ్బరితాడు, ఒక మేకు.
గీత కూలిన గోడ సందులోంచి అవతలికి పోయి
చేను చుట్టి వెనక్కి వచ్చింది.
ఏ ఫైల్లోనూ లేవు ఈ ఎనభై మీటర్లు.
అడిగితే ఇవ్వరని అడగలేదు.

పరీక్షల విభాగం నుంచి
ఇత్తడిగంట ఒకటి అరువు తెచ్చాను.
సంతకం పెట్టించుకున్నరు దానికి.

రుక్మిణి ఉరుకుతోంది.
ప్రతి రౌండులో కొంతసేపు
ఆమె నాకు కనబడదు.
గోడ సందు వైపు చూస్తూ
లెక్క పైకే అంటున్నాను,
తొమ్మిది.
అటుపక్క నుంచి రామనర్సయ్య గొంతు,
"ఆఁ, తొమ్మిదే!"