యాస మాస్టరు

పొందూరు స్టేషన్లో దిగి ఫోన్ చూసుకున్నాను.
డబ్బు ఇంకా పడలేదు.

పదకొండు రోజులు ఆ నటుడి నోట్లో
మా అమ్మ మాటలు కుక్కాను.
"ఏటి" అనమంటే "ఏంటి" అంటాడు.
"ఎల్లిపోనాడు" దగ్గర రోజూ కాలుజారి పడతాడు.

మొదట రాసిన కథలో వాడు
నాగావళి వరదలో ఊరిని దాటించిన పడవవాడు.
ముంబై ఆఫీసు నుంచి లెక్కలొచ్చాయి:
ఈ యాసకి జనం ఏడవరట, నవ్వుతారట.
తెల్లారేసరికి పడవ లేదు, నది లేదు.
అపార్ట్‌మెంటు గేటు, ఒక విజిలు,
రెండు చెంపదెబ్బలు, ఊడిపోయే లుంగీ.

ఆఖరి రోజు కాగితం ఇచ్చారు.
ఈ మాటలూ, వీటిని పలికే తీరూ
ఇకమీదట సంస్థవేనట,
భూమ్మీదా, ఇంకా కనిపెట్టని లోకాల్లోనూ.
సంతకం పెట్టాను. కరెంటు బిల్లుంది.

ఇంట్లో అమ్మ, అసిరమ్మ,
వాలుగ చేప దవడతో పత్తి ఏకుతోంది.
"ఏటి నాయినా, డబ్బులిచ్చినారేటి?"
ఒక్క వాక్యంలో రెండు "ఏటి"లు!
ఎవరికెంత బాకీ పడిందో తెలీక
చెప్పులు విప్పుతూ నిలబడ్డాను.

సినిమా వచ్చింది.
శ్రీకాకుళం హాల్లో మా వీధివాళ్లే
కుర్చీలు కొట్టి మరీ నవ్వారు.
నేనూ కొంచెం నవ్వాననుకుంటా, చీకట్లో.
రెండో భాగంలో కూడా వాచ్‌మన్ ఉన్నాడట,
మొన్న మళ్లీ ఫోన్ చేశారు,
పాత బాకీ మాట మాత్రం ఎత్తలేదు.

అమ్మ మాత్రం ఇంటర్వెల్లో నా చెయ్యి పట్టుకుని
జాలిగా అడిగింది:
"ఆ బాబుకి పన్నుపోటేటిరా?
మాటలలగొస్తన్నాయి?"