సున్నా కామా సున్నా

కాకి ముక్కు ఎప్పుడూ చిన్నదాన్నే పొడుస్తది,
అట్ల గుర్తు పెట్టుకోండ్రి, అని చెప్పిన.
ఎనిమిదో తరగతి, నాలుగో పీరియడ్.
పోచమ్మ మైదాన్ ఆటోల హారన్లు
కిటికీలోంచి వచ్చి
నల్లబల్ల మీద నా అక్షాలను కదిలిస్తున్నయి.
ముక్కు కింద గీత ఉంటే సమానమైనా చెల్లుతది,
అప్పుడు హద్దును నిండుగ గీయాలె,
లేకుంటే చుక్కలు చుక్కలుగ తెంపాలె.

కొత్తవాడ పిల్లలని లెక్క నేనే అల్లిన:
చిన్న షత్రంజికి రెండు కిలోల నూలు,
పెద్దదానికి మూడు.
సొసైటీ ఇచ్చేది వారానికి పన్నెండు.
ఎన్ని నేయొచ్చు?
ఇటు ఆరు దగ్గర, అటు నాలుగు దగ్గర చుక్కలు పెట్టి
స్కేలు ఆనిచ్చి గీత లాగిన.
ఏ పక్క రంగు నింపాలె?
అనుమానమొస్తే సున్నా కామా సున్నా వేసి చూడుండ్రి,
అంతకంటే సులువైన బిందువు లేదు.
సున్నా పన్నెండు కంటే తక్కువ. నిజం.
నింపుండ్రి ఇటువైపు.

ముప్పై రెండు పెన్సిళ్లు ఒక్కసారే గీకినయి,
కండెలు చుడుతున్న చప్పుడు.
మూడో బెంచీల ఆడెపు చంద్రిక పెన్సిలే కదల్లే.
"సున్నా కామా సున్నా అంటే
మగ్గం ఆగిన వారం గదా టీచర్?
అదెట్ల నిజమైతది?"

పిల్లలు నవ్విండ్రు.
నా నవ్వు పళ్ల దాక వచ్చి ఆగింది.
పద్నాలుగేండ్ల సంది అదే నా పరీక్ష బిందువు.
దాని మీద ఎవలన్న కూసున్నరా అని
ఒక్కనాడు చూడలే.

లెక్కకు నిజమే బిడ్డా, అన్న.
నూలు సరిపోతదా అనే అడిగింది అది,
కడుపు సంగతి అడగలే.

"అయితే అది గూడ అడుగుదాం" అన్నది.
ఎర్ర పెన్ను తీసింది.
చిన్నదానికి కూలి రెండు వందలు,
పెద్దదానికి మూడు వందల యాభై.
ఇంట్లకు వారానికి పదిహేను వందలు రాకుంటే
కిరాణం సమ్మయ్య ఉద్దెర పుస్తకం తెరుస్తడట.
కాకి ముక్కును అటు తిప్పి రాసింది.
ఏడున్నర దగ్గరొక చుక్క,
నాలుగు దాటి ఇంత మీదొక చుక్క.
ఎర్ర గీత అవతల ఎర్ర రంగు,
నా గీత ఇవతల పెన్సిల్ బూడిద.
రెండూ ఎక్కడా తాకలే.

నడుమ తెల్లపట్టీ మిగిలింది,
ఒక కొసన వేలంత, ఇంకో కొసన నూలుపోగంత,
షత్రంజి చివర నేయకుండ వదిలిన పడుగు తీరు.
పరిష్కారం లేదు, అని రాయాలె ఇక్కడ.
సుద్దముక్క తీసుకున్న. చెయ్యి లేవలే.

మొన్నటి పాఠం ప్రమేయం.
ఒక ఎక్స్ పెడితే ఒకటే వై రావాలె,
మాట మార్చొద్దు, అని
నిలువు గీత పరీక్ష చేయించిన.
ఆ రోజూ ఈమెనే లేచింది.
ఒక్కటే షత్రంజి,
సొసైటీల ఒక ధర, ఎగ్జిబిషన్ల మూడింతలు.
"ఇది ప్రమేయం గాదు గదా టీచర్?"
గాదు, అన్న.
హాజరు పట్టీ మూసి బయటికొచ్చిన.

ఇయ్యాల మూయబుద్ధి కాలే.
ఈ తెల్లపట్టీల ఎట్ల బతుకుతున్నరే మీరు,
అన్నట్టున్న, పైకే.
ఆమె గ్రాఫ్ కాగితాన్ని బెంచీ మీద సాపుగ పరిచి
మూల బిందువు మీద పెన్సిల్ నిలబెట్టింది,
పడిపోకుండ రెండు వేళ్లతో పట్టుకొని.
"ఇట్ల మీదికి పోయేదొకటి ఉంటది టీచర్.
మా అమ్మ రాత్రిళ్లు చుట్టే బీడీలు."

మూడో అక్షం మా సిలబస్‌ల లేదు.
బెల్లు కొట్టిండ్రు. పిల్లలు ఉరికిండ్రు.
ఆమె ఇంకా పట్టుకోనే ఉన్నది,
సున్నా కామా సున్నా మీద
కొస కొరికిన పెన్సిల్‌ను.
కిటికీ ఎండకు దాని నీడ
బూడిద రంగు దాటి, తెల్లపట్టీ దాటి
ఎరుపు మీద పడుతున్నది.